ఇమానాల చెద్దరు

జనగామలో ఆ చెద్దరును మొదట చూసింది నేను కాదు, నా బిడ్డ. కొడకండ్లలో మా చిన్నాయన కూతురి పెళ్ళికి పోయి భూపాలపల్లికి తిరిగి వస్తున్నాం. ఎండలు మండిపోతున్నాయి. బస్సు వచ్చేదాకా ఒక బట్టల దుకాణం నీడలో నిలబడ్డాం. దుకాణం ముందు తాడు మీద టవళ్ళు, పరదాలు, మంచం మీద పరిచే చెద్దర్లు వేలాడుతున్నాయి. వాటి మధ్యలో ఒకటి నీలం రంగుది. దాని నిండా విమానాలు. తెల్లవి, ఎర్రవి, పసుపుపచ్చవి. నా బిడ్డ నా చెయ్యి విదిలించుకుని పోయి దాని కింద నిలబడింది. తల వెనక్కి వంచి, నోరు తెరుచుకుని, నిజం విమానం మా మీదుగా పోతున్నప్పుడు ఎట్లా చూస్తుందో అట్లాగే చూసింది. అప్పుడు దానికి ఆరేళ్ళు.

"అమ్మా, గివన్ని ఏడికి పోతున్నయే?" అని అడిగింది.

"హైదరాబాదుకు."

"గన్ని ఒక్కసారే పోతే గుద్దుకోవా?"

దాని ప్రశ్నలకు నా దగ్గర ఎప్పుడూ జవాబులు ఉండేవి కావు. కసిరి ఊరుకోబెట్టడం ఒక్కటే నాకు తెలిసిన విద్య.

"ఇంట్ల మంచమే లేదు, మంచం మీదికి చెద్దరు ఎందుకు?" అన్నాను మా ఆయనతో. ఆయన నవ్వాడు. "మంచం రాదా ఏంది ఎప్పటికన్న?" అంటూ లోపలికి పోయి కొనుక్కొచ్చాడు. మా ఆయన అట్లాంటి మనిషి. రేపు రావలసింది ఏదైనా సరే, ఆయనకు ఇవాళే చేతికి వచ్చినట్టు ఉండేది. నాకేమో చేతిలో ఉన్నదాని మీద కూడా నమ్మకం ఉండదు. మా ఇద్దరి నడుమ పడి పెరిగింది ఆ పిల్ల.

చెద్దరునూ దాని జోడీగా వచ్చిన రెండు దిండు గలీబులనూ జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవరులో మడిచి పెట్టి ఇచ్చారు. కవరులో పైన ఒక అట్ట, అట్ట మీద రంగుల బొమ్మ. ఏ దేశందో తెలియదు, ఒక పిల్లల పడకగది. గోడ వారగా చిన్న మంచం, మంచం పక్కన కిటికీ, కిటికీకి పరదా. మంచం మీద ఇదే చెద్దరు, ఒక్క ముడత లేకుండా పరిచి ఉంది. బస్సులో నా బిడ్డ ఆ కవరును ఒళ్ళో నుంచి దించలేదు. వరంగల్ దాటి పరకాల తోవ పట్టేదాకా ఆ బొమ్మనే చూసింది.

"అమ్మా, గీ అర్రల పిల్ల ఏదే?" అంది చివరికి.

"ఏ పిల్ల?"

"గీ మంచం ఎవలిదో గా పిల్ల."

నేను కునికిపాట్లు పడుతున్నాను. "బడికి పోయినట్టున్నది తియ్" అన్నాను.

ఆ జవాబు దానికి బాగా నచ్చింది. ఎంత మంచి పిల్లో, లేవగానే పక్క సర్దేసి బడికి పోయింది అని వాళ్ళ నాయినకు చెప్పింది.

భూపాలపల్లిలో మేముండేది ఒకటే అర్ర, కిరాయిది. దాంట్లోనే పొయ్యి, దాంట్లోనే నా కుట్టు మిషను, దాంట్లోనే పడక. కింద చాప, చాప మీద నా పాత చీరలతో కుట్టిన బొంత. మా ఆయన బొగ్గుబాయిలో బదిలీ కార్మికుడు. బదిలీ అంటే పర్మినెంటు కాదు, ఎవరైనా పనికి రాకపోతే వాళ్ళ జాగాలో దిగాలి. బాయి నుంచి వచ్చి ఎంత రుద్దుకున్నా చెవుల వెనకా గోళ్ళ సందుల్లోనూ నలుపు మిగిలే ఉండేది. ఆయన దిండు మీద తల పెట్టినంత మేర మరక. అట్లాంటి ఇంట్లో కొత్త చెద్దరు కింద పరిస్తే వారం తిరగకముందే మసిగుడ్డ అయిపోతుంది. అందుకని, ఇంటికి చేరిన రోజే నా బిడ్డ చాప మీద పరుద్దామని కవరు జిప్పు లాగితే నేను చేతిలోంచి గుంజుకున్నాను.

అది ఏడుపు మొదలుపెట్టింది. మా ఆయన దగ్గరికి తీసుకుని కూర్చోబెట్టుకున్నాడు.

"గిది కింద పరిసేది కాదు బిడ్డా, మంచం మీద పరిసేది. తెలంగాణ వచ్చినంక నన్ను పర్మినెంటు చేస్తరు. పర్మినెంటు అయితె క్వార్టర్ ఇస్తరు, రెండు అర్రలది. అండ్ల ఒక అర్ర నీకే. కిటికి పక్కపొంటి మంచం ఏస్త, గీ బొమ్మల ఉన్నట్టే. గప్పుడు పరుద్దం, సరేనా?"

"తెలంగాణ ఎప్పుడొస్తది నాయినా?"

"వస్తది బిడ్డా. ఇగ ఎంతో దూరం లేదు."

ఆ రోజుల్లో ఆ మాట అనని ఇల్లు లేదు. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. బోరింగు చెడిపోతే, తెలంగాణ వచ్చినంక బాగైతది. పక్కింటి పిల్లగానికి నౌకరీ, తెలంగాణ వచ్చినంక. బడికి రెండో సారు, తెలంగాణ వచ్చినంక. మా ఇంటి ఓనరు గోడలకు సున్నం కూడా తెలంగాణ వచ్చినంకనే వేయిస్తానన్నాడు, అది మాత్రం వట్టి పిసినారితనం. మిగిలిన వాటిలో అబద్ధం లేదు, మోసం లేదు. అందరం మనసారా నమ్మాం. నేనూ నమ్మాను. మా మాట సినిమాలో తాగుబోతు నోట, రౌడీ నోట తప్ప వినపడని కాలంలో పెరిగినదాన్ని, నాకు మాత్రం ఆశ ఉండదా? కానీ ఆ ఆశతో పాటు ఇంకో అలవాటు కూడా మాకు వచ్చింది. మంచివన్నీ ముందుకు జరిపి, అప్పటిదాకా ఉన్నదాంతో సర్దుకోవడం. పెద్దవాళ్ళం సర్దుకున్నాం. మాతో పాటు ఆరేళ్ళ పిల్లను కూడా సర్దుకొమ్మన్నాం.

చెద్దరును ఇనుప సందూకలో అడుగున పెట్టాను. పురుగు పట్టకుండా కలరా ఉండలు వేశాను. తాళం వేసి, తాళంచెవి పిన్నీసుతో నా పుస్తెలతాడుకు గుచ్చుకున్నాను. అట్ట బొమ్మను మాత్రం దానికి ఇచ్చాను. అన్నం మెతుకులు రాసి, తాను పడుకునే వైపు గోడకు అంటించుకుంది.

వానలు పడ్డాక మా బాపు మమ్మల్ని చూడడానికి వచ్చాడు. కొడకండ్లలో గుంట మగ్గం మీద తువ్వాళ్ళూ లుంగీలూ నేసే మనిషి. తోటివాళ్ళు సగం మంది సూరత్‌కో భీవండికో పోయినా తాను మగ్గం దిగలేదు. నా బిడ్డ తాతను చెయ్యి పట్టుకుని సందూక దగ్గరికి లాక్కుపోయింది. నేను తాళం తీసి చూపించక తప్పలేదు. బాపు చెద్దరు అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"మిల్లు బట్ట. పైన అచ్చు కొట్టిండ్రు. నూలు పలుచగున్నది" అన్నాడు. మనవరాలి ముఖం చిన్నబోవడం కనిపెట్టి, "గని రంగు మంచిగున్నది బిడ్డా. ఇమానాలు గూడ మంచిగున్నయ్" అన్నాడు. దాన్ని ఆడుకోవడానికి బయటికి పంపించి నా మీద విరుచుకుపడ్డాడు.

"బట్టను పెట్టెల పెట్టనీకి నేస్తమానే? కట్టనీకి, కప్పనీకి, పరువనీకి నేస్తం. మడత మీద మడత పడుకుంట ఉంటె మడతల కాన్నే చీకిపోతది. వాడితె చినిగింది వేరు, ఉంచితె చీకింది వేరు. పిల్ల గంత గనం అడుగుతున్నది, పరువరాదు?"

"క్వార్టర్ రానీ బాపూ."

"నీ క్వార్టర్ పాడుగాను" అని తువ్వాల దులిపి భుజాన వేసుకుని లేచాడు. నాది మా బాపు నోరే. ఆ రోజు మాత్రం ఆయన నోరు నా నోటి ముందు ఓడిపోయింది. ఓడిపోకుండా ఉంటే ఎంత బాగుండేదో.

తర్వాత తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, బొగ్గుబాయిలు బందు పెట్టారు. మా ఆయన పొద్దున్నే దీక్షా శిబిరానికి పోయేవాడు. బడి లేదు కాబట్టి బిడ్డనూ వెంట తీసుకుపోయేవాడు. అక్కడ అది ఒక పెద్దమనిషిని అడిగిందట, "గట్టిగ జై కొడితె జల్ది వస్తదా?" అని. "వస్తది బిడ్డా, నువ్వు కొడితె ఇంక జల్ది వస్తది" అన్నాడట ఆయన.

ఇంకేముంది. అది ఆ పనిని నెత్తికెత్తుకుంది. పెద్దవాళ్ళు టీ తాగడానికి లేచినా అది లేవదు. పిడికిలి బిగించి, మెడ నరాలు ఉబ్బేటట్టు జై తెలంగాణ అని అరుస్తుంది. సాయంత్రానికి గొంతు పోయి పిల్లికూనలా వచ్చేది. ఉప్పునీళ్ళు పుక్కిలించి, పొద్దున మళ్ళీ తయారు. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు అందరికంటే ముందు పళ్ళెం పట్టుకుని రోడ్డు నడుమ కూర్చుంది. జనం దాన్ని భుజాలకెత్తుకున్నారు. "గింత పోరికి ఎంత పట్టింపో సూడుండ్రి" అని మురిసిపోయారు. ఎవరో ఫోటో తీశారు.

ఒకరోజు చేతికి మైకు ఇచ్చి, "తెలంగాణ ఎందుకు రావాలె బిడ్డా?" అని అడిగారట.

"వస్తె మా అమ్మ సందూక తాళం తీస్తది" అందట.

శిబిరమంతా గొల్లున నవ్వింది. మా ఆయన ఇంటికి వచ్చి కళ్ళనీళ్ళు వచ్చేటట్టు నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తుకొస్తే ఇప్పటికీ నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. ఒక్కరోజు, ఒకే ఒక్క పూట తాళం తీసి పరిచి, సాయంత్రం మడిచి పెట్టేస్తే ఏమైపోయేది? అంత చిన్న ఉపాయం మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఎంగిలిపూల బతుకమ్మ ఇంకా రెండు రోజులుందనగా దానికి జ్వరం పట్టుకుంది. వానాకాలం జ్వరాలు మాకు కొత్త కాదు. మొదటి రోజు గోళీలు వేశాను. రెండో రోజు గల్లీ చివరి డాక్టరు సూది వేశాడు. మూడో రోజు మధ్యాహ్నం ఒళ్ళు పెనంలా కాలుతోంది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. బొంత రెండు మడతలు వేసి కప్పాను.

"బొంత గుచ్చుకుంటున్నదే అమ్మా" అంది. "ఇమానాల చెద్దరు కప్పవా? ఒక్కసారే. జరం పోంగనే నేనే మడిచి పెడ్త."

మా ఆయన అప్పుడు గోళీల కోసం బయటికి పోయి ఉన్నాడు. నేనేమన్నానో ఇన్నేళ్ళలో ఆయనకు కూడా చెప్పలేదు.

"చెమటకు ఖరాబైతది బిడ్డా. జరం తగ్గనీ, కప్పుత" అన్నాను.

తాళంచెవి నా మెడలోనే ఉంది. సందూక చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. అది గోడకు అంటించిన అట్ట వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున జీపు మాట్లాడుకుని వరంగల్ బయలుదేరాం. దారిలో ఒకచోట రాస్తారోకో. రోడ్డు మీద బండలు, ముళ్ళకంపలు. మా ఆయన దిగి రెండు మాటలు చెప్పేసరికి రోడ్డు ఆపిన పిల్లగాళ్ళు పరుగెత్తుకొచ్చి బండలన్నీ పక్కకు దొర్లించారు. ఒకతను నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి, "పైలం అక్కా" అన్నాడు. దవాఖానలోనూ ఎవరూ అలసత్వం చెయ్యలేదు. రక్తంలో కణాలు బాగా పడిపోయాయన్నారు, ఎక్కించారు. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే బతికేదా అని నేను అడిగితే, డాక్టరమ్మ చెప్పలేమంది. రెండో రోజు పొద్దెక్కినాక నా బిడ్డ పోయింది. ఎవరినైనా తిట్టిపోద్దామంటే నాకు మనిషి దొరకలేదు. నా కోపమంతా తిరిగి తిరిగి ఇంట్లో ఉన్న ఆ సందూక దగ్గరికే వచ్చి ఆగింది.

మా అత్తగారి ఊరు నర్సింహులపేట దగ్గర, మేము మానుకోట అని పిలిచే మహబూబాబాద్ దిక్కు. అప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ ఒకటే జిల్లా. దవాఖాన నుంచి తిన్నగా ఆ ఊరికే తీసుకుపోయాం. చిన్నపిల్లలను మా దాంట్లో కాల్చరు, బొందపెడతారు. మీద కప్పడానికి కొత్త బట్ట కావాలి. బందుతో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. మా బాపు ఎవరిదో మోటరుసైకిలు వెనక కూర్చుని కొడకండ్ల నుంచి వచ్చాడు. చంకలో ఒక తెల్ల బట్ట. తువ్వాళ్ళ కోసం సగం నేసిన బట్టను మగ్గం మీదనే కోసి తెచ్చాడు. నేను పుట్టినప్పటి నుంచి మా బాపు మగ్గం మీది బట్టను నడుమ కోయగా చూడలేదు. దాన్ని తన చేతులతోనే మనవరాలి మీద కప్పాడు. అంచు ఇంకా కుట్టలేదు, దారాలు వేలాడుతున్నాయి.

ఆ పూట నాకు విమానాల చెద్దరు గుర్తుకే రాలేదు. చివరికి అప్పుడైనా కప్పి పంపాలని ఏ తల్లికైనా అనిపించాలి. నాకు అనిపించలేదు. ఏడవడం తప్ప ఏదీ గుర్తు లేదు.

మూడో రోజు బొంద మీద పాలు పోసి భూపాలపల్లికి వచ్చాం. మా ఆయన అక్క, అంటే మా వదినె, తోడు వచ్చింది. మంచి మనిషే. కానీ ఆచారం దగ్గర గట్టిది. పోయినవాళ్ళు వాడినవి ఇంట్లో ఉంచకూడదు, ఉంచితే వాళ్ళ మనసు వాటిని పట్టుకుని ఇక్కడిక్కడే తిరుగుతుంది, మోక్షం ఉండదు. వచ్చిన గంటలోనే అర్ర అంతా సర్దడం మొదలుపెట్టింది. చాప, బొంత, దిండు. రెండు గౌన్లు, బడి బట్టలు, పలక. పళ్ళెం, దువ్వెన. దువ్వెనలో ఇంకా దాని వెంట్రుకలున్నాయి. గోడ మీది అట్టను గోరుతో గీకి తీసింది. మెతుకుల మరకలు మాత్రం గోడకే ఉండిపోయాయి. మా ఆయన చూడలేక బయటికి పోయాడు, నేను గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాను. ఒక్కటి ఉంచు వదినె అనడానికి నోరు రాలేదు. మోక్షం ఉండదు అంటే ఏ తల్లి ఎదురు చెబుతుంది?

అన్నిటినీ మూట కట్టడానికి పెద్ద గుడ్డ కావాలంది. తాళంచెవి తీసి ఇచ్చాను. సందూకలో పాత ధోవతి కోసం చెయ్యి పెట్టి, అడుగు నుంచి ప్లాస్టిక్ కవరును బయటికి తీసింది.

"గిది పిల్లదేనా?" అని అడిగింది.

దానిదే అంటే ఆ మూటలోకి పోతుంది. ఊరి బయట ఏ తుమ్మచెట్టు కిందనో వానకు నానుతుంది. కాదంటే ఇంట్లో ఉంటుంది. కానీ నా నోటితో నేనే నా బిడ్డది కాదని చెప్పాలి. ఆరు నెలలు రోజూ అడిగింది, గొంతు పోయేటట్టు జై కొట్టి సంపాదించుకుందామనుకుంది, జ్వరంలో కూడా దాన్నే అడిగింది. దానికి ఈ లోకంలో నాది అని ఏదైనా ఉంటే అదొక్కటే.

"కాదు వదినె" అన్నాను. "దానిది కాదు. ఒక్కసారి గూడ పరువలే. ముట్టనే లేదు."

వదినె జిప్పు చూసింది, మడత చూసింది. "అవును, కొత్తదే" అని మళ్ళీ సందూకలో పెట్టేసింది. మిగిలినవన్నీ ధోవతిలో మూట కట్టుకుని పోయింది.

అట్లా నా బిడ్డ వాడిన వస్తువులన్నీ పోయాయి. మేము వాడనివ్వనిది ఒక్కటి మిగిలింది. బిడ్డ పోయిన తల్లులు దాని గౌనో దుప్పటో ముఖానికి అదుముకుని ఏడుస్తారు, అందులో వాసన ఉంటుంది. నేనూ ఒకసారి జిప్పు తీసి చూశాను. కలరా ఉండల వాసన తప్ప ఏమీ రాలేదు.

శిబిరంలో దాని ఫోటోకు దండ వేసి, చిన్నారి ఉద్యమకారిణికి జోహార్లు అని రాసి పెట్టారని తెలిసింది. మంచి మనసుతోనే పెట్టారు. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. నా బిడ్డ తెలంగాణ కోసం చావలేదు, జ్వరంతో పోయింది. నిజంగానే రాష్ట్రం కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లల తల్లులు ఉన్నారు, వాళ్ళ దుఃఖంలో వాటా నాకు వద్దు. నా బిడ్డకు కావలసింది ఒక చెద్దరు. అది ఇవ్వడానికి ఏ ప్రభుత్వమూ అక్కర్లేదు, నేను చాలు.

చెద్దరు ఉన్నదని మా ఆయనకు చెప్పలేదు. మూటతో పాటే పోయిందనుకున్నాడు, ఎన్నడూ అడగలేదు. మా బాపుకు మాత్రం చెప్పాను. పోతూ పోతూ, "ఏడాదికొక్కసారన్న తీసి మడతలు మార్చు బిడ్డా" అన్నాడు. మార్చలేదు. తీసి విప్పే ధైర్యం లేకపోయింది.

తెలంగాణ వచ్చింది. ఆ రోజు భూపాలపల్లిలో టపాసుల మోతకు చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. మా ఆయన తలంతా గులాలుతో ఇంటికి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"వచ్చింది" అన్నాడు.

"ఊఁ" అన్నాను, మిషను తొక్కుతూనే.

వాకిట్లో నల్లా కింద తల పెట్టి కూర్చున్నాడు. గులాలు ఎప్పుడో పోయింది, నీళ్ళు తెల్లగా పారుతున్నాయి. అయినా లేవలేదు. నేను వెళ్ళి నల్లా కట్టేశాను. అప్పుడు ఏడుపు వినపడింది. దగ్గర కూర్చుని తల తుడిచాను.

కొన్నాళ్ళకు ఆయనను పర్మినెంటు చేశారు. ఆ తర్వాత క్వార్టర్ వచ్చింది. చెప్పినట్టే రెండు అర్రలు. చిన్న అర్రకు ఒక కిటికీ. మాకు పిల్లలు మళ్ళీ కలగలేదు, రెండో అర్ర ఎందుకని నేను అనలేదు, ఆయనా అనలేదు. సామాను దించిన రోజు నేను వంటింట్లో డబ్బాలు సర్దుతున్నాను. సందూక బట్టలు తీస్తానంటే తాళంచెవి ఇచ్చాను. ఇచ్చాక గానీ గుర్తుకు రాలేదు. పరుగెత్తి వచ్చేసరికి ఆయన ప్లాస్టిక్ కవరు ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు.

"ఉన్నదా?" అన్నాడు.

"ఉన్నది."

"అక్క అన్ని పట్కపోయిందనుకున్న."

"దానిది కాదని చెప్పిన."

నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. లేచిపోయి, ముందు అర్రలో వేసిన కొత్త ఇనుప మంచాన్ని ఒక్కడే ఎత్తి చిన్న అర్రలోకి తెచ్చాడు. కిటికీ పక్కన, గోడ వారగా వేసి పరుపు పరిచాడు. చెద్దరు విప్పాడు. మా బాపు చెప్పినట్టే మడత పడిన ప్రతిచోటా రంగు పోయి తెల్లటి గీత పడింది. ఒక ఎర్ర విమానం రెక్క దగ్గర చీకి, చిన్న చిల్లు. ఆయన నాలుగు మూలలూ పరుపు కిందికి మడిచి, అరచేత్తో సాపు చేశాడు. బొగ్గు పని చేసే చెయ్యి కదా, పొద్దున ఎన్నిసార్లు కడుక్కున్నాడో, ఒక్క మరక పడలేదు. నేను గలీబులు తెచ్చి దిండుకు ఒకటి తొడిగాను. కిటికీకి నా పాత చీర ముక్క పరదాగా కట్టాను. ఇద్దరం గుమ్మంలోకి వచ్చి నిలబడి చూశాం. అచ్చం ఆ అట్ట మీది బొమ్మ.

అంతలో పక్క క్వార్టర్ ఆమె, కొత్తగా వచ్చారని పలకరించడానికి, గిన్నెలో పాలు పట్టుకుని వచ్చింది. మా గురించి ఆమెకేమీ తెలియదు. మాటల్లో చిన్న అర్రలోకి తొంగిచూసి మురిసిపోయింది.

"అబ్బ, ఎంత మంచిగ సదిరిండ్రు! ఇమానాలు సూడు ఎట్లున్నయో. పిల్లలేరి అక్కా, కనవడతలేరు?"

మా ఆయన తల వంచుకుని నేల చూపులు చూస్తున్నాడు. నేను గిన్నె అందుకున్నాను.

"బడికి పోయింది" అన్నాను.